బుధవారం లోడు

రష్మి తన ఫోనులో చూపించిన ఫొటోలో బండి నంబరు కనిపించలేదు. పొద్దుటి మంచు, ఒక కల్వర్టు గోడ, గోడ మీంచి కింద పారే గెడ్డలోకి దిగిన లావుపాటి గొట్టం, వెనక్కి తిప్పి నిలబెట్టిన నీలం రంగు ట్యాంకు బండి. ట్యాంకు మీద తెల్ల రంగుతో ఒడియాలో ‘దూరంగా ఉండండి’ అని రాసుంది. చోటు చాలక చివరి అక్షరం కిందికి జారిపోయింది.

ఆ అక్షరం ఎలా జారిందో సస్మితకి తెలుసు. తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆ బండి తోలే వాళ్ళ నాన్న దాలయ్య కుంచె చేతికిచ్చి, “నాకు ఒడియా రాయడం రాదు కదమ్మీ, నువ్వు రాసీ” అంటే, స్టూలెక్కి తనే రాసింది.

“రాయగడలో సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి ఇది. మా అన్న పింటు తీశాడు. ఊరివాళ్ళు చూసేసరికే వెళ్ళిపోయింది” అంది రష్మి. “నీది రాయగడే కదా, ఎవరిదో కనుక్కోగలవా?”

“కనుక్కుంటాను” అంది సస్మిత.

అది సోమవారం. ఇద్దరూ కోరాపుట్‌లో ఎమ్మే సోషియాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నారు. పర్యావరణ నీతి అనే ఆ పేపరుని సస్మిత కోరి తీసుకోలేదు. ఆ క్లాసు అయిపోగానే హాస్టలుకి వెళ్ళిపోవచ్చని టైంటేబుల్ చూసి తీసుకుంది. చెప్పే బిశ్వజిత్ సార్ మొదటి రోజే ఒక షరతు పెట్టారు. ‘మానవజాతి’, ‘సమాజం’, ‘మనం అందరం’ అనే మాటలు ఆయన క్లాసులో ఎవరూ వాడకూడదు.

“మనుషులు నదిని పాడుచేశారని రాస్తే సున్నా వేస్తాను. ఏ మనిషి? ఏ రోజు? ఎవరు చూశారు? చూసినవాళ్ళు ఏం చేశారు? అది రాయండి” అన్నారు.

ఇద్దరేసి కలిసి, తమకి తెలిసిన ఒక చోట నీటికి జరిగిన హాని గురించి రాయాలి. సస్మితకి జతగా రష్మి కడ్రకా వచ్చింది. రష్మిది కుసుంపదర్ అనే చిన్న పల్లె, కంధు గిరిజనులది. రాయగడకి బండి మీద అరగంట. ఆ ఊళ్ళో గెడ్డ ఒడ్డున ఇసకలో తవ్విన చెలమ నీళ్ళే అందరూ తాగేది. రెండు నెలల్లో పదకొండుమంది పిల్లలకి కామెర్లు వచ్చాయి. పింటు కూతురికి నాలుగేళ్ళు. తొమ్మిది రోజులుగా ఆస్పత్రిలో ఉంది.

“వారానికి రెండుసార్లు వస్తుందట. బుధవారం, శనివారం. తెల్లారగానే” అంది రష్మి. “బుధవారానికి అన్న ఇంకా ఆస్పత్రిలోనే ఉంటాడు. శనివారం కాపు కాస్తారు. నువ్వూ రా, వీడియో తీద్దాం. మన పేపరుకి పనికొస్తుంది.”

“పట్టుకుని ఏం చేస్తారు?”

“ముందు బండి తగలబెడతారు. తర్వాత డ్రైవరు సంగతి.” రష్మి ఆ మాట కోపంగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆ సాయంత్రం సస్మిత ఇంటికి ఫోన్ చేసింది. “తిన్నావేటమ్మీ?” అన్నాడు దాలయ్య. తిన్నానంది. చలిగా ఉందా అని అడిగాడు, ఉందంది. బండి సంగతి ఎత్తకుండానే ఫోన్ పెట్టేసింది. మంగళవారం ఫోన్ చేయలేదు. బుధవారం ఐదింటికే మెలకువ వచ్చి, దుప్పటి కప్పుకుని హాస్టలు మెట్ల మీద కూచుంది. చేతిలో ఫోనుంది. నాన్న ఈపాటికి బండి తీస్తూ ఉంటాడని తెలుసు. ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఏమని మొదలుపెట్టాలో తేల్చుకునేలోగా తెల్లారిపోయింది. టిఫిను దగ్గర రష్మి తనకి వచ్చిన మెసేజి చూపించింది. ‘వచ్చి పోసి పోయింది.’

గురువారం సార్ గదికి వెళ్ళింది.

“సార్, తప్పు చేసిన మనిషి పేరు చెబితే అతనికి దెబ్బలు తగులుతాయని తెలిసినప్పుడు ఏం చేయాలి?”

“ఎవరు కొడతారు?”

“జబ్బుపడ్డ పిల్లల తండ్రులు.”

ఆయన దిద్దుతున్న కాగితాలు పక్కన పెట్టారు. “ఇది నేనిచ్చిన పాఠాల్లోంచి వచ్చిన ప్రశ్న కాదు.”

“కాదు సార్.”

“అయితే ఒక్కదానివే మోయకు. నాకు చెప్పు. పోలీసుల దగ్గరికి వెళ్దాం, లేకపోతే ఆ ఊరివాళ్ళతో కూచుని మాట్లాడదాం.”

“ఆలోచించుకుంటాను సార్.”

“ఆలోచించుకో. ఎంత టైముందో కూడా చూసుకో” అన్నారాయన.

శుక్రవారం క్లాసులు మానేసి రైలెక్కింది. కొండల్లో ఒక్కో సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ అద్దంలో తన ముఖమే కనిపించింది. రష్మి ముందురోజే ఊరికి వెళ్ళిపోయింది. ‘రేపు ఐదున్నరకల్లా కల్వర్టు దగ్గర ఉండు’ అని మెసేజి పెట్టింది. సస్మిత జవాబివ్వలేదు.

రాయగడలో వాళ్ళిల్లు టౌను చివర తెలుగువాళ్ళ వీధిలో. ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. దాలయ్య పెరట్లో మూడోసారి సబ్బు రుద్దుకుంటున్నాడు. పని నుంచి వచ్చాక అలా ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకోందే ఇంట్లో అడుగుపెట్టడు. కూతుర్ని చూసి మొహం విప్పారింది.

“సెప్పకుండా వచ్చేసేవేటి? సెలవులిచ్చేసేరా?”

“నాన్నా, మొన్న బుధవారం బండి ఎక్కడ కాళీ సేసేవు?”

తల తుడుచుకుంటున్నవాడు ఆగాడు. “మురుక్కి కట్టిన ప్లాంటు కాడే. ఏమ్మీ?”

“కుసుంపదర్ కల్వర్టు కాడ కాదేటి?”

ఆమె ఫోను తీసి ఫొటో చూపించింది. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“ఎవులు తీసేరు?”

“నాతో సదువుతున్న పిల్ల అన్న. ఆల ఊరది. పదకొండుమంది పిల్లలకి కామెర్లొచ్చేయి, నాన్నా. ఒక పాప ఆస్పత్రిలో ఉంది. ఆ నీళ్ళే తాగుతారు ఆలు.”

దాలయ్య నూతి గట్టు మీద కూచున్నాడు. “ప్లాంటు కాడికి ఎల్లి, లైనులో నిలబడి వచ్చీసరికి పొద్దు పోతాది. ‘బేగి రా, ఒటేలు కాడ నిండిపోనాది’ అని ఓనరు ఫోన్ల మీద ఫోన్లు సేస్తాడు. ఎక్కడ పొయ్యమని సెప్పడు. ఎక్కడ పోసేవని అడగడు. పారే నీరు కదా, కొట్టుకుపోతాదనుకున్నాను.”

“కింద ఊరుందని తెల్దా నీకు?”

అతను తల వంచుకున్నాడు. “పొయ్యిల పొగ కనపడతాది” అన్నాడు.

సస్మితకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. రేపు ఊరంతా కాపు కాస్తున్నారని, బండి తగలబెడతారని, మనిషినీ వదలరని చెప్పేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న తల్లి బుల్లమ్మ చేతిలో గరిటతోనే బయటికొచ్చింది.

“రేపు నువ్వు ఎల్లకు. ఒంట్లో బాగోనేదని సెప్పీ.”

దాలయ్య ఓనరు ఢిల్లీశ్వరరావుకి ఫోన్ చేసి కడుపునొప్పన్నాడు. అవతల నుంచి కేకలు వినిపించాయి, ఫోన్ కట్టయింది. అంతే. ముగ్గురూ అన్నాలు తిన్నారు. కూతురి కంచంలో దాలయ్య చేప ముక్క వేయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మర్నాడు ఆ బండి కదలదనే ముగ్గురూ అనుకున్నారు.

తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. అదే వీధిలో ఆటో నడిపే పోతురాజు. పని దొరికితే ఏ బండయినా తోలతాడు. ఇద్దరు ఆడపిల్లలున్నారు.

“అన్నా, కడుపునొప్పంట కదా. ఓనరు నన్ను పంపేడు. తాళం ఇచ్చీ” అన్నాడు. “లోడు నిన్ననే ఎక్కించేసేవంట. ఎక్కడ పొయ్యాల మరి? నువ్వు పోసే కల్వర్టు కాడేనా?”

సస్మిత కర్టెను వెనక నిలబడి ఉంది. తండ్రి వీపు కనిపిస్తోంది. మేకుకి వేలాడుతున్న తాళం తీశాడు. తీసినవాడు వెంటనే ఇవ్వలేదు. నిజం చెబితే పోతురాజు నేరుగా ఓనరు దగ్గరికి వెళ్ళి చెబుతాడు. రేపట్నుంచి బండి ఉండదు. చెప్పకపోతే...

“ఊఁ” అన్నాడు దాలయ్య. తాళం చేతులు మారింది.

వీధి చివర బండి స్టార్టయింది. గేరు మారిన చప్పుడు మెయిన్ రోడ్డు దాకా వినిపించి ఆగిపోయింది. బుల్లమ్మ టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ‘ఎందుకు సెప్పలేదు’ అని సస్మిత నాలిక చివరిదాకా వచ్చింది. కానీ గుమ్మం దాకా నాలుగే అడుగులు. తనూ వెయ్యలేదు.

“నాన్నా, ఆలు పోతురాజు మామని సంపేస్తారు” అంది.

దాలయ్య ఫోన్ తీసి పోతురాజుకి చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. “ఇంజిను గోలలో ఇనపడదు” అని లేచాడు. చెప్పులైనా వేసుకోకుండా మోపెడ్ బయటికి తోశాడు. సస్మిత పరిగెత్తి వెనక కూచుంది. వద్దనబోయి ఊరుకున్నాడు.

“ఇద్దరూ ఎక్కడికే!” అని బుల్లమ్మ వీధిలోకి వచ్చి అరుస్తోంది.

రోడ్డంతా మంచు. ఎదురుగా వచ్చే లారీల దీపాలు దగ్గరికి వచ్చేదాకా తెలియడం లేదు. మోపెడ్ ఎత్తు ఎక్కలేని చోట సస్మిత దిగి పరిగెత్తింది, మళ్ళీ ఎక్కింది. నీలం ట్యాంకు ముందెక్కడైనా కనిపిస్తుందేమోనని తండ్రి భుజం మీంచి చూస్తూనే ఉంది. కనపడలేదు. మెయిన్ రోడ్డు వదిలి మట్టిరోడ్డు పట్టాక కేకలు వినిపించాయి.

కల్వర్టు మీద అడ్డంగా రెండు దుంగలు పడేసి ఉన్నాయి. బండి చుట్టూ పాతికమంది దాకా ఉన్నారు. చాలామంది భుజాల మీద గొడ్డళ్ళు. పోతురాజు ముందు చక్రం దగ్గర నేల మీద ఉన్నాడు. చొక్కా చిరిగింది, కనుబొమ్మ పగిలి రక్తం కారుతోంది. పింటు అతని మెడ మీద కాలు పెట్టాడు. ఒకతను కిరసనాయిలు డబ్బాతో క్యాబిన్ మెట్టు ఎక్కుతున్నాడు. రష్మి ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది.

దాలయ్య మోపెడ్‌కి స్టాండ్ కూడా వేయకుండా వదిలేశాడు. అది పక్కకి పడింది. చేతులు పైకెత్తి, అక్కడి కొండ ఊళ్ళ మాట దేశియాలో అరుస్తూ వాళ్ళ మధ్యకి వెళ్ళాడు.

“అతన్ని వదలండి! అతను ఇవాళే వచ్చాడు. ఇన్నాళ్ళూ పోసింది నేను!”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పింటు కాలు తీసి ఇటు తిరిగాడు. చేతిలో కర్ర ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మోచేతి మీద. దాలయ్య తప్పుకోలేదు. మూడోసారి కర్ర లేచేసరికి సస్మిత వెళ్ళి తండ్రిని కరుచుకుంది.

“మా నాన్న!” అని అరిచింది. “ఆయన మా నాన్న!”

కర్ర గాల్లోనే ఆగింది. రష్మి ఫోను దించింది. సస్మిత ముఖంలోకి చూసింది, ట్యాంకు మీద అక్షరాలని చూసింది, మళ్ళీ ఆమెనే చూసింది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“నువ్వు ఫొటో చూపించినప్పట్నుంచి.”

రష్మి రెండడుగులు వెనక్కి వేసింది.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. అప్పుడు రష్మి తల్లి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, మెట్టు మీదున్న అతని చెయ్యి పట్టుకుని లాగింది. సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి.

“బుద్ధుందా? బండి నిండా ఉంది. కాలిస్తే అదంతా ఎక్కడ పడుతుంది? ఇక్కడే గెడ్డలో పడుతుంది. రేపు ఎవరి పిల్లలు తాగుతారు?” అని దాలయ్య వైపు తిరిగింది. “దీన్ని ఎక్కడ పొయ్యాలి?”

“టౌనుకి అవతల ప్లాంటుంది. అక్కడ పొయ్యాలి.”

“తెలిసీ ఇక్కడ పోశావా?”

“తెలిసే” అన్నాడు దాలయ్య.

“అయితే తీసుకెళ్ళి అక్కడ పోసి, ఖాళీ బండి తెచ్చి నాకు చూపించు.”

పింటు, మరో ఇద్దరు గొడ్డళ్ళతో క్యాబిన్‌లోకి ఎక్కారు. దాలయ్య ఎడం చేత్తోనే స్టీరింగు పట్టుకున్నాడు, కుడి మోచెయ్యి అప్పటికే వాచింది. సస్మితనీ పోతురాజునీ ఊళ్ళోకి తీసుకెళ్ళి ఒక వసారాలో కూచోబెట్టారు. బండి తిరిగి వచ్చేదాకా కదలకూడదన్నారు.

ఎదురుగా గోడకి ఆనుకుని రష్మి కూచుంది. ఎవరో పోతురాజు కనుబొమ్మ మీద పసుపద్దారు. అతను సస్మిత వైపు చూడకుండా నెమ్మదిగా అన్నాడు.

“నీకు తెలుసా అమ్మీ, ఈలు కాపున్నారని?”

“తెలుసు మామా.”

“మీ నాన్నకి?”

ఆమె తలూపింది. పోతురాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇవతలి వాళ్ళూ అవతలి వాళ్ళూ కూడా తనని ఇక నమ్మరని సస్మితకి అప్పుడు అర్థమైంది. ఒక ముసలామె బయట కుండ పట్టుకుని చెలమ వైపు వెళుతోంది. ఈ పొద్దున్న లోడు పడలేదు కాబట్టి వెళుతోంది కాబోలు. ఆ నీళ్ళు తాగొద్దని లేచి చెబుదామనుకుంది. చెప్పేందుకు తనెవరు? వేరే నీళ్ళేవి?

ఎండెక్కింది. బండి దారిలో ఎటైనా వెళ్ళిపోయి ఉంటుందని ఒకరన్నారు. డ్రైవరు ఎక్కడో దూకేసి ఉంటాడని ఇంకొకరన్నారు. సస్మిత మట్టిరోడ్డు మలుపు మీంచి కళ్ళు తిప్పలేదు. ప్లాంటు దగ్గర ఏమైనా గొడవైతే, లోపలున్న మూడు గొడ్డళ్ళలో ఒకటి లేస్తే ఏమవుతుందని అనుకుంటూ, అనుకోకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ కూచుంది.

చివరికి బండి చప్పుడు వినిపించింది. ముందు పింటు దిగాడు. తల్లి దగ్గరికి వెళ్ళి, ఆశ్చర్యపోతున్నట్టు చెప్పాడు.

“ఇక్కడికి రావడం కంటే గంటే ఎక్కువ పట్టిందమ్మా. లైనుతో సహా. ఒక్క గంట.”

ఆమె దాలయ్యకేసి చూసింది. అతను బండి దిగి అక్కడే నిలబడిపోయాడు. కొట్టినప్పుడు కూడా వంగని మనిషి అప్పుడు గొంతుక్కూచుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

తర్వాత జరిగినవి పద్ధతి ప్రకారం జరిగాయి. సర్పంచి వచ్చాడు, పోలీసులొచ్చారు. ప్లాంటుకే వెళ్ళమన్నానని, డ్రైవరు సొంతంగా చేసిన పనని ఢిల్లీశ్వరరావు చెప్పాడు. ఫిర్యాదులో ఓనరు పేరూ దాలయ్య పేరూ ఎక్కాయి. బండిని స్టేషను ఆవరణలో పెట్టారు. దాలయ్య పని పోయింది. పోతురాజు ఇప్పుడు దాలయ్య గుమ్మం ముందు నుంచి వెళ్ళడం మానేశాడు, చుట్టూ తిరిగి వెనక సందులోంచి వెళుతున్నాడు. పింటు కూతురు పదిహేడో రోజున ఇంటికొచ్చింది. ఊరికి నీళ్ళ ట్యాంకరు కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయింది. గెడ్డకి దూరంగా, వాలు పైన కొత్త చెలమ తవ్వాలని ఊరివాళ్ళు అనుకున్నప్పుడు రష్మి తల్లి దాలయ్యకి కబురంపింది. అతను గునపం పట్టుకుని రోజూ పొద్దున్నే వెళుతున్నాడు.

కోరాపుట్‌లో రష్మి జత మార్చమని సార్‌ని అడిగింది. సస్మిత ఒక్కతే పేపరు రాసింది. చదవాల్సిన రోజు వచ్చింది. తండ్రి పేరు రాసింది. ఓనరు పేరు రాసింది. పొయ్యిల పొగ సంగతి రాసింది. కర్టెను వెనక నిలబడ్డ సంగతి కూడా రాసింది. అదంతా క్లాసులో నిలబడి చదివింది.

వెనక బెంచీలోంచి రష్మి లేచింది. నెల రోజుల్లో ఆమెతో అన్న మొదటి మాట అది.

“సోమవారం తెలిసిందని రాశావు. శుక్రవారం చెప్పానని రాశావు. మధ్యలో బుధవారం ఏమైంది?”

సస్మిత కాగితాల వైపు చూసింది. అందులో బుధవారం లేదు. రాస్తున్నప్పుడు దాన్ని దాటేసినట్టు తనకే తెలియలేదని చెప్పబోయింది. కానీ తెలుసు. రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేసింది.

“ఐదింటికి లేచాను” అంది. “ఫోను చేతిలోనే ఉంది. నాన్న బయల్దేరుతాడని తెలుసు. చెయ్యలేదు. ఆ లోడు మీ చెలమలో పడింది. అది నాది.”

“ఆ రోజు మా ఊరివాళ్ళందరూ ఆ నీళ్ళే తాగారు. నేనూ గురువారం వెళ్ళి తాగాను.”

“అవును.”

“మీ నాన్న కాకపోతే సోమవారమే చెప్పేదానివా?”

“సోమవారమే చెప్పేదాన్ని.”

రష్మి నిలబడే ఉంది. ఆమె ముఖంలో క్షమించిన గుర్తేమీ లేదు. “ఇది కూడా కలిపి రాయి” అని కూచుంది.

క్లాసయ్యాక సస్మిత అక్కడే కూచుని ఆ భాగం రాసింది. అరపేజీ అయింది. వరండాలోకి వచ్చేసరికి రష్మి స్తంభం దగ్గర ఎదురుచూస్తోంది.

“ఆదివారం కొత్త చెలమకి రాళ్ళు పేరుస్తారు. కింది నుంచి మొయ్యాలి. మనుషులు చాలడం లేదు” అంది. “మా అన్న ఉంటాడు. నీతో మాట్లాడడు. అయినా రా.”

ఆదివారం సస్మిత వెళ్ళింది. నడుం లోతు గోతిలో నిలబడి ఉన్న తండ్రి ఆమెకి తట్ట అందించాడు. పింటు నిజంగానే మాట్లాడలేదు. మధ్యాహ్నానికి గోతి అడుగున ఊట మొదలైంది. బురదగా, ఎర్రగా ఉంది. తేరుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుందని రష్మి తల్లి చెప్పి, ఇంకో వరస రాళ్ళు తెమ్మంది.